ఊరి వార్త ఊళ్లోనే పుట్టాలి

ఒహాయో రాష్ట్రానికి నైరుతి మూలన, గ్రేట్ మయామీ నది ఒడ్డున ఉన్న డేటన్‌కి నేను 1987లో వచ్చాను. ఉద్యోగం ఇక్కడే చేశాను, పిల్లలు ఇక్కడే పెరిగారు, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయాను. 1960లో 2,62,000 మందితో కళకళలాడిన ఊరు ఇది. కార్ల ఫ్యాక్టరీలు మూతపడి, క్యాష్ రిజిస్టర్లు చేసే ఎన్‌సీఆర్ కంపెనీ కూడా మూటాముల్లె సర్దుకుని జార్జియాకి వెళ్లిపోయాక, 2020 జనాభా లెక్కల్లో 1,37,000 మంది మిగిలారు. శివార్లన్నీ కలుపుకుంటే ఎనిమిది లక్షలు. అమెరికాలో మధ్యరకం ఊళ్లు చాలావరకు ఇలాగే ఉంటాయి.

కొత్తగా వచ్చే మన తెలుగువాళ్లు నన్ను చాలా సంగతులు అడుగుతారు. ఏ బడి మంచిది, ఇల్లు ఎటువైపు కొనాలి, కందిపప్పు ఎక్కడ దొరుకుతుంది. ఈ ఊరి పేపరు ఏది, వార్తలు ఏ చానల్లో చూడాలి అని మాత్రం ఎవరూ అడగరు. హైదరాబాద్‌లో పొద్దున కురిసిన వాన సంగతి వాళ్లకి నిమిషాల్లో తెలుస్తుంది. తమ పిల్లల బడి బస్సులు తగ్గించారన్న సంగతి బస్సు రాని రోజున తెలుస్తుంది. పన్నులు కట్టే ఊరి గురించి ఏమీ తెలియకుండా మనవాళ్లు ఏళ్లకేళ్లు గడిపేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ ఊరి పేపరు, టీవీ, రేడియోల వల్ల నాకు తెలిసివచ్చినవి ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు మీ కౌంటీ పేరు కంఠతా పట్టండి

ఇక్కడ గాలివాన హెచ్చరికలు కౌంటీ పేరుతో వస్తాయి. డేటన్ ఉన్నది మాంట్‌గొమరీ కౌంటీలో. మనవాళ్లు ఎక్కువగా ఇళ్లు కొనే బీవర్‌క్రీక్, పక్కనున్న ఫెయిర్‌బార్న్ గ్రీన్ కౌంటీలోకి వస్తాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ క్లార్క్ కౌంటీ, ట్రాయ్ మయామీ కౌంటీ, మేసన్ వారెన్ కౌంటీ. ఇంటి అడ్రసులో కౌంటీ పేరు రాసే అలవాటు లేదు కాబట్టి ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకీ తమది ఏ కౌంటీయో తెలియదు. టీవీలో ఏదో చూస్తుండగా తెర మూలన చిన్న మ్యాపు పడుతుంది. అరచేతిలో సగం కూడా ఉండదది. అందులో రంగు పడిన ముక్క మీదేనా, పక్కవాళ్లదా అని ఒక్క చూపులో పోల్చుకోగలగాలి. మా ఇంట్లో చుట్టుపక్కల కౌంటీల మ్యాపు ఒకటి టీవీ పక్కన గోడకి అతికించి ఉంటుంది. చుట్టాల పిల్లలు ఎవరు వచ్చినా ముందు దాని దగ్గర నిలబెట్టి మన ఇల్లు ఎక్కడుందో చూపిస్తాను.

2019 మే 27 మెమోరియల్ డే సెలవు. ఆ రాత్రి పదిన్నర దాటాక తీవ్రత కొలమానంలో ఈఎఫ్-4 స్థాయి టోర్నడో బ్రూక్‌విల్, ట్రాట్‌వుడ్ మీదుగా డేటన్ ఉత్తర భాగాన్ని చీల్చుకుంటూ పోయింది. దాని వెనకే ఈఎఫ్-3 స్థాయిది ఇంకొకటి బీవర్‌క్రీక్ మీదికి వచ్చింది. రాత్రిపూట టోర్నడో కంటికి కనబడదు. రాడార్ ముందు కూర్చుని, ఇప్పుడు ఫలానా రోడ్డు దాటింది, ఇంకో అయిదు నిమిషాల్లో ఫలానా పేటకి వస్తుంది అని చెప్పే మనిషి మాటే మనకి కళ్లు. ఆ రాత్రి ఫాక్స్ 45, ఏబీసీ 22 చానళ్ల వాతావరణ నిపుణుడు జేమీ సింప్సన్ ఆ పని చేస్తుంటే, 'ది బ్యాచిలరెట్' రియాలిటీ షో ఎపిసోడ్ ఆపేశారని కొందరు ప్రేక్షకులు సోషల్ మీడియాలో విసుక్కున్నారు. ఆయన లైవ్‌లోనే వాళ్లని గట్టిగా మందలించారు. మీ ఇల్లు కాకపోతే ఇంకొకరి ఇల్లు, ఆ ప్రోగ్రాంకి తిరిగి వెళ్లేది లేదు అని తేల్చేశారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. చాలామంది అందులో ఆయన కోపం చూశారు. నేను చూసింది ఆయన బాధ్యత. ట్రాట్‌వుడ్‌లో కప్పులు ఎగిరిపోయిన అపార్టుమెంట్లని మర్నాడు చూసినవాడిగా చెబుతున్నాను, వాటిలో మనుషులు ప్రాణాలతో ఎలా బయటపడ్డారా అనిపిస్తుంది. హెచ్చరిక సమయానికి అందింది, జనం బేస్‌మెంట్లలోకి దిగారు.

టోర్నడో వెళ్లాక కూడా ఊరి వార్తలే దిక్కయ్యాయి. కరెంటు పోయి నగరం నీటి పంపులు ఆగిపోయాయి. కుళాయిలు ఎండిపోయాయి. నీళ్లు ఎక్కడ పంచుతున్నారు, వచ్చిన నీళ్లు ఎంతసేపు మరగబెట్టాలి, ఏ రోడ్డు మూసేశారు అన్నవి న్యూయార్క్ చానళ్లు చెప్పవు. కారులో కూర్చుని డబ్ల్యూహెచ్ఐఓ రేడియో పెట్టుకుంటే తెలిశాయి.

మీరు చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. యాప్‌లో తెలుగు సీరియల్ చూస్తున్నప్పుడు తెర కింద హెచ్చరిక పట్టీ రాదు. ఫోను మోగుతుంది కానీ ఏ వీధి దాకా వచ్చిందో చెప్పదు. చిన్న యాంటెన్నా ఒకటి కొని టీవీకి తగిలించండి. 2, 7, 22 చానళ్లు నెలనెలా బిల్లు లేకుండా వస్తాయి. బేస్‌మెంట్‌లో బ్యాటరీ రేడియో ఒకటి పెట్టండి.

2. పక్క పొలంలో జరిగేది వెళ్లి చూసిరావాలి

డేటన్ అనగానే రైట్ సోదరులు. సైకిళ్ల షాపు పెట్టకముందు వాళ్లు పత్రిక నడిపారన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. పాత సమాధి రాయి, గుర్రబ్బగ్గీ ముక్కలు పెట్టి అచ్చుయంత్రం తామే చేసుకుని, 1889 మార్చిలో 'వెస్ట్ సైడ్ న్యూస్' మొదలుపెట్టారు. ఆర్విల్‌కి అప్పుడు 17 ఏళ్లు. మరుసటి ఏడాది 'ది ఈవినింగ్ ఐటెం' అని దినపత్రిక కూడా కొన్ని నెలలు నడిపారు. 1890 చివర్లో వాళ్ల అచ్చాఫీసు నుంచే 'డేటన్ టాట్లర్' అనే పత్రిక వచ్చింది. ఊళ్లోని నల్లజాతివారి కోసం దాన్ని తెచ్చిన సంపాదకుడు ఆర్విల్‌తో కలిసి చదువుకున్న పాల్ లారెన్స్ డన్‌బార్. బానిసలుగా బతికి బయటపడ్డ తల్లిదండ్రుల కొడుకు, తర్వాత దేశమంతా పేరు తెచ్చుకున్న కవి. ఆ పత్రిక మూడు సంచికలతో ఆగిపోయింది. చేతిలో కలం ఉంది, స్నేహితుడి అచ్చుయంత్రం ఉంది, డబ్బు మాత్రం లేదు. ఊరి పత్రికల కష్టం అప్పటికీ ఇప్పటికీ ఒకటే.

అచ్చు సిరా వాసన తెలిసిన ఈ అన్నదమ్ములే విమానం ఎగరేస్తే వాళ్ల ఊరి పేపర్లు నమ్మలేదు. 1903 డిసెంబరు 17న కిట్టీ హాక్ నుంచి టెలిగ్రాం వచ్చింది. ఇంకో అన్న లారిన్ దాన్ని పట్టుకుని డేటన్ జర్నల్ ఆఫీసుకి వెళ్లాడు. అసోసియేటెడ్ ప్రెస్ తరఫున అక్కడున్న మనిషికి నిమిషమైనా నిలవని ఎగురుడు వార్తలా కనబడలేదు. పోనీ, అది ఎక్కడో సముద్రం ఒడ్డున జరిగిందనుకుందాం. 1904, 1905 సంవత్సరాల్లో వాళ్లు ఎగిరింది ఊరికి ఎనిమిది మైళ్ల దూరంలోని హఫ్‌మన్ ప్రెయిరీ అనే ఆవుల బీడులో. పక్కనుంచే ట్రాలీ బండ్లు నడిచేవి. 1904 మేలో విలేకరుల్ని పిలిచి మరీ చూపించబోయారు. ఆ పూట గాలీ ఇంజనూ సహకరించక విమానం సరిగా లేవలేదు. కొందరు ఇంకోసారి వచ్చారు, అప్పుడూ సరిగా ఎగరలేదు. ఆ తర్వాత విలేకరులు అటు తొంగి చూడలేదు. ట్రాలీలో వెళ్తూ విమానాన్ని చూసినవాళ్లు వచ్చి చెప్పినా తాము లెక్కచేయలేదని డేటన్ డైలీ న్యూస్ మనుషులే తర్వాత ఒప్పుకున్నారు.

1904 సెప్టెంబరు 20న ఆ విమానం గాల్లో మొదటిసారి పూర్తి చుట్టు తిరిగింది. కళ్లారా చూసి, వివరంగా రాసి అచ్చువేసినవాడు ఎ. ఐ. రూట్. మెడైనా అనే ఊరి నుంచి కారు నడుపుకుంటూ వచ్చిన ఈ పెద్దమనిషిది తేనెటీగల పెంపకం మీద వచ్చే పత్రిక! 1905 జనవరిలో ఆ వార్త అందులో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 5న ఆ బీడు మీద విమానం 39 నిమిషాల్లో 24 మైళ్లు తిరిగింది. ప్రపంచ చరిత్రని మార్చిన సంగతి అది, ఊరి పేపరు ఆఫీసు నుంచి ట్రాలీ టికెట్టు దూరంలో జరిగింది.

ఈ కథ నేను మనవలకి చెప్పినప్పుడల్లా ఒక మాట చెబుతాను. ఆ విలేకరులు తెలివితక్కువవాళ్లు కారు. ఒకటి రెండుసార్లు వెళ్లారు, తర్వాత వెళ్లలేదు, అంతే. ఇప్పుడు ఆ ఒకటి రెండుసార్లకి కూడా పంపడానికి చాలా ఊళ్లలో మనిషి లేడు. 2005 నుంచి అమెరికాలో మూడోవంతుకి పైగా పత్రికలు మూతబడ్డాయి.

3. పత్రిక ఎవరిదో తెలుసుకోండి

మా పేపరు చరిత్రంతా ఒక మనిషి చుట్టూ తిరుగుతుంది. జేమ్స్ కాక్స్ అనే ఒహాయో రైతుబిడ్డ 1898లో 26,000 డాలర్లకి డేటన్ ఈవినింగ్ న్యూస్ కొని, డేటన్ డైలీ న్యూస్ అని పేరు మార్చాడు. ఫోర్త్, లడ్లో వీధుల మూల మీద పెద్ద పెద్ద స్తంభాలతో బ్యాంకులా కనిపించే పాత భవనం ఆయన కట్టించిందే. పేపర్లు డబ్బు సంపాదించవని అప్పు ఇవ్వనన్న బ్యాంకరు మీద పంతంతో, అచ్చం బ్యాంకులా కట్టమని ఆర్కిటెక్టుకి చెప్పాడని ఊళ్లో కథగా చెప్పుకుంటారు. 1913 మార్చిలో వరద డేటన్‌ని ముంచి మూడొందల మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు ఆయనే రాష్ట్ర గవర్నరు. 1920లో డెమొక్రాట్ల తరఫున అధ్యక్ష పదవికి పోటీచేశాడు. ఎదుటి అభ్యర్థి వారెన్ హార్డింగ్ కూడా ఒహాయోలోని మారియన్ అనే చిన్న ఊళ్లో పేపరు నడిపినవాడే. కాక్స్ చిత్తుగా ఓడాడు. ఎన్నికల రాత్రి పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ అనే రేడియో స్టేషను ఎన్నికల ఫలితాలు చదివింది. రేడియో వార్తల చరిత్ర చాలామంది అక్కడినుంచే చెబుతారు. అంటే రేడియోలో వెళ్లిన తొలి పెద్ద వార్తల్లో ఒకటి మా పేపరు యజమాని ఓటమి. ఆ కాక్స్ కంపెనీయే 1935లో డేటన్‌లో డబ్ల్యూహెచ్ఐఓ రేడియో పెట్టింది, 1949లో ఇప్పుడు చానల్ 7గా ఉన్న టీవీ పెట్టింది. 1948లో పోటీ పత్రికల్ని కూడా కొనేసింది. పొద్దుటి పేపరుగా మిగిలిన జర్నల్ హెరాల్డ్ నేను రాకముందు సంవత్సరమే, 1986లో, డైలీ న్యూస్‌లో కలిసిపోయింది.

ఒకే ఇంటి చేతిలో పేపరు, టీవీ, రేడియో మూడూ ఉండటం మంచిదా అని నేను చాలా ఏళ్లు ఆలోచించాను. ప్రభుత్వమూ ఆలోచించింది. ఒకే ఊళ్లో పేపరూ టీవీ ఒక్కరే కొత్తగా కొనకూడదని 1975లో రేడియో, టీవీల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌సీసీ నిబంధన పెట్టింది. డేటన్‌లో ఉన్నది అప్పటికే ఉన్న ఏర్పాటు కాబట్టి వదిలేశారు. పోటీ లేకపోతే బద్ధకం వస్తుందన్న భయం న్యాయమైనదే. కానీ 2019లో జరిగింది చూశాక నా మనసు మారింది.

ఆ ఏడాది కాక్స్ కుటుంబం టీవీ, రేడియో, పేపర్ల వ్యాపారంలో ఎక్కువ వాటా న్యూయార్క్‌కి చెందిన అపోలో అనే పెట్టుబడి సంస్థకి అమ్మడానికి ఒప్పుకుంది. యజమాని మారితే పాత మినహాయింపు చెల్లదు. అప్పుడు బయటికి తీసిన ఉపాయం ఏమిటంటే, నిబంధన ప్రకారం వారానికి నాలుగు రోజులు, అంతకు మించి వచ్చేదే దినపత్రిక. మూడు రోజులకి తగ్గిస్తే అది దినపత్రిక కాదు, గొడవ ఉండదు. 120 ఏళ్లుగా రోజూ గుమ్మంలో పడుతున్న పేపరుని మూడు రోజుల పేపరు చేస్తామని ప్రకటించారు. చదివేవాళ్లు తగ్గి కాదు, కాగితం ధర పెరిగి కాదు, ఒక కాగితం మీది నిర్వచనం కోసం! ఊరు గగ్గోలు పెట్టింది. చివరికి కాక్స్ ఎంటర్‌ప్రైజెస్ డేటన్, స్ప్రింగ్‌ఫీల్డ్, హామిల్టన్ పేపర్లు మూడింటినీ తన దగ్గరే ఉంచుకుంది. అప్పుడు పేపరు రోజూ రావడం ఆగలేదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ పాత నిబంధన ఎత్తేయడానికి ఎఫ్‌సీసీకి అడ్డు చెప్పలేదు.

యజమాని ఊళ్లో పుట్టినవాడైతే అంతా మంచే జరుగుతుందని నేను అనను. కానీ ఆ పేపరు పేరు వింటే తాతముత్తాతలు గుర్తొచ్చేవాడు ఒకడు ఉండబట్టే ఆ రోజు అది నిలబడింది. మా టీవీ చానళ్ల యజమానులిప్పుడు టెక్సాస్, మేరీలాండ్, న్యూయార్క్‌లలో ఉన్నారు. వాటిలో మేరీలాండ్‌ది సింక్లెయిర్. 2018లో ఆ కంపెనీ దేశవ్యాప్తంగా తన స్టేషన్ల యాంకర్లందరి చేతా ఒకే రాతప్రతి చదివించింది. అవన్నీ పక్కపక్కన పెట్టి చేసిన వీడియో ఎక్కడైనా దొరుకుతుంది, చూడండి. వేర్వేరు ఊళ్ల ముఖాలు, ఒకే మాటలు.

4. ఫార్వర్డు వచ్చిన చోట ఆగి, ఊరి విలేకరి ఏం రాశాడో చూడండి

స్ప్రింగ్‌ఫీల్డ్ మాకు పాతిక మైళ్లు. 58,000 జనాభా ఉన్న ఆ ఊరికి కొద్ది ఏళ్లలోనే వేలమంది హైతీ దేశస్థులు ఫ్యాక్టరీ పనుల కోసం వచ్చారు. అద్దెలు పెరిగాయి, ఆస్పత్రిలో వరసలు పెరిగాయి. ఇవి నిజమైన ఇబ్బందులే. స్ప్రింగ్‌ఫీల్డ్ న్యూస్-సన్ వాటిని ముందునుంచీ రాస్తూనే వచ్చింది. 2024 సెప్టెంబరులో ఫేస్‌బుక్‌లో ఎవరో పెట్టిన ఒక పుకారు, హైతీవాళ్లు ఇరుగుపొరుగు కుక్కల్నీ పిల్లుల్నీ తినేస్తున్నారని, రోజుల్లో దేశమంతా పాకి ఆ నెల 10న జరిగిన అధ్యక్ష అభ్యర్థుల చర్చ దాకా వెళ్లింది. పోలీసులు, నగర అధికారులు అలాంటి దాఖలా ఏదీ లేదని చెప్పారు. బాంబు బెదిరింపులు మొదలయ్యాయి. బళ్లు ఖాళీ చేయించారు. గవర్నరు రాష్ట్ర పోలీసుల్ని బళ్లకి కాపలా పెట్టాల్సి వచ్చింది.

ఆ వారాల్లో ప్రపంచంలోని కెమెరాలన్నీ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో దిగాయి. రెండు వారాల్లో వెళ్లిపోయాయి. ఊరి పేపరువాళ్లు, మా ప్రాంతపు ప్రజా రేడియో డబ్ల్యూవైఎస్ఓవాళ్లు అక్కడే ఉన్నారు. అద్దెల సంగతి రాశారు, ఆస్పత్రి సంగతి రాశారు, పుకారు అబద్ధమనీ రాశారు. ఈ మూడూ ఒకే చోట, ఒకే గొంతుతో రాయగలిగింది వాళ్లే, ఎందుకంటే రేపు కిరాణా కొట్లో వాళ్లకి ఎదురయ్యేది ఆ ఊరివాళ్లే.

అప్పుడు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఆ పుకారు వచ్చింది, నవ్వు బొమ్మలతో. నాకు చాలా కష్టమనిపించింది. ఇవాళ హైతీవాడి మీద వచ్చిన మాట రేపు మన మీద రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. మన తిండి గురించి, మన గుడి గురించి, మన వీసాల గురించి కూడా ఎవరైనా ఏదైనా రాయగలరు. ఆ రోజున నిజం ఏమిటో తెలిసిన, మన ముఖాలు తెలిసిన విలేకరి ఈ ఊళ్లో ఒకరైనా ఉండాలి.

5. అన్నం పెట్టే చెయ్యి గురించీ రాయాలి

రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరం మా ప్రాంతానికి పెద్ద ఉపాధి. ఒకే చోట ఇంతమందికి పని ఇచ్చే సంస్థ ఒహాయోలో ఇంకొకటి లేదు. మనవాళ్లు కూడా ఎందరో కాంట్రాక్టర్ల దగ్గర పనిచేస్తున్నారు. సైన్యం కోపగించుకుంటే నష్టం ఊరికే. అలాంటి ఊళ్లో ఉండి, సైనికులకీ వాళ్ల కుటుంబాలకీ అందుతున్న సైనిక వైద్యంలో ప్రమాదకరమైన లోపాలున్నాయని డేటన్ డైలీ న్యూస్ వరసగా రాసింది. రస్సెల్ కరోలో, జెఫ్ నెస్మిత్ రాసిన ఆ కథనాలకి 1998లో జాతీయ రిపోర్టింగ్ విభాగంలో పులిట్జర్ బహుమతి వచ్చింది. వైద్య వ్యవస్థలో సంస్కరణలు వచ్చాయి. బహుమతి వచ్చిన రోజున బేస్‌లో పనిచేసే మా పక్కింటాయన పేపరు తెచ్చి చూపించాడు. తన ఆఫీసు మీద రాశారని చిన్నబుచ్చుకోలేదు. తన ఊరి పేపరని గర్వపడ్డాడు.

6. విసుగు పుట్టించే వార్తే మీ జేబులోది

స్కూల్ బోర్డు, జోనింగ్, లెవీ. ఈ మాటలు కనబడగానే పేజీ తిప్పేస్తారు. ఒహాయోలో బడులకి డబ్బు చాలామటుకు ఆస్తిపన్ను నుంచి వస్తుంది. ఆ పన్ను పెంచాలంటే జనం ఓటు వేయాలి. దాన్నే లెవీ అంటారు. లెక్క మిల్లుల్లో చెబుతారు. మీ ఇల్లు 3,00,000 డాలర్లు చేస్తుందనుకోండి. పన్ను కోసం అందులో 35 శాతమే, అంటే 1,05,000 లెక్కిస్తారు. ప్రతి వెయ్యికి ఒక డాలరు ఒక మిల్లు. కాబట్టి రాయితీలు పక్కనపెడితే మీకు ఒక మిల్లు అంటే ఏడాదికి 105 డాలర్లు. ఆరు మిల్లుల లెవీ వస్తోందంటే మీకు ఎంతో మీరే లెక్కవేసుకోండి. అది ఓడిపోతే ఏ బస్సు పోతుంది, ఏ సంగీతం టీచరు పోతుంది అన్నది ముందే పేపర్లో ఉంటుంది. గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లకి ఓటు లేకపోయినా పన్ను ఉంది, బోర్డు సమావేశంలో లేచి మాట్లాడే అవకాశమూ ఉంది.

2018లో గుడ్ సమారిటన్ ఆస్పత్రి మూసేశారు. నల్లజాతివారు ఎక్కువగా ఉండే వాయవ్య డేటన్‌కి అదే పెద్దాస్పత్రి. మూసేస్తామన్న ప్రకటన వచ్చిన జనవరి నుంచి తలుపులు మూసిన జులై దాకా, ఆ తర్వాత భవనం కూల్చేదాకా పేపరు వదల్లేదు. అత్యవసరంగా ఎక్కడికి వెళ్లాలి, ప్రసవానికి ఎక్కడికి వెళ్లాలి, చర్చి పాస్టర్లు ప్రభుత్వానికి ఎందుకు ఫిర్యాదు చేశారు అని రాస్తూనే ఉంది. ఆస్పత్రి నిలవలేదు. కానీ ఎందుకు పోయిందో ఊరికి తెలుసు.

పేపరే పోతే ఏమవుతుందో మా పక్కనే చూశాం. గంట దూరంలోని సిన్సినాటిలో సిన్సినాటి పోస్ట్ 2007 డిసెంబరు 31న ఆఖరి సంచిక వేసింది. అది ఎక్కువగా చదివే కెంటకీ వైపు ఊళ్లని ఇద్దరు ఆర్థికవేత్తలు తర్వాత పరిశీలిస్తే, స్థానిక ఎన్నికల్లో పోటీచేసేవాళ్లు తగ్గారు, ఓటు వేసేవాళ్లు తగ్గారు, పదవిలో ఉన్నవాళ్లే మళ్లీ గెలవడం పెరిగింది. ఒహాయోకి ఇంకో మూలనున్న యంగ్స్‌టౌన్‌లో 150 ఏళ్ల విండికేటర్ 2019 ఆగస్టు 31న ఆగిపోయింది. పక్క ఊరి పేపరు దాని పేరు కొనుక్కుని సంచిక వేస్తోంది. ఆ న్యూస్‌రూంలో ఉన్నవాళ్లలో చాలామంది ఉద్యోగాలు మాత్రం పోయాయి.

7. వంటింటి మాట, వీధి మాట ఊరి తెర మీద వినిపించనివ్వాలి

ఫిల్ డోనహ్యూ టీవీ టాక్ షో డేటన్‌లో పుట్టింది. 1967 నవంబరు 6న చానల్ 2లో మొదలైంది. అంతకుముందున్న వినోద కార్యక్రమానికి టికెట్లు తీసుకుని వచ్చిన ప్రేక్షకుల్ని పంపేయడం ఇష్టంలేక కూర్చోబెట్టారు. ప్రకటనల విరామంలో వాళ్లు అడిగిన ప్రశ్నలు ఆయన అడిగినవాటికంటే బాగున్నాయి. దాంతో మైకు పట్టుకుని జనం మధ్యకి నడిచాడు. ఇవాళ ప్రపంచమంతటా టీవీలో జనం చేతికి మైకు ఇచ్చే పద్ధతికి అదొక మొదలు. శివారు ఊరు సెంటర్‌విల్‌లో ఆయన ఎదురింటి ఆవిడ ఎర్మా బాంబెక్. ముగ్గురు పిల్లల తల్లి. 1964లో ఒక చిన్న వారపత్రికలో, మరుసటి ఏడాది జర్నల్ హెరాల్డ్‌లో ఇంటిపని గురించి రాయడం మొదలుపెట్టి, తర్వాత దేశంలో సుమారు 900 పేపర్లకి చేరింది. ఒకే వీధిలోని ఇద్దరికి ఊరి టీవీ, ఊరి పేపరు తొలి అవకాశం ఇచ్చాయి. అలాంటి తొలి మెట్టు లేకపోతే మన పిల్లల్లో రాయగలవాళ్లు, మాట్లాడగలవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

8. రేడియోకి చందా ఇవ్వండి

ఎల్లో స్ప్రింగ్స్‌లో ఆంటియాక్ కాలేజీ విద్యార్థులు 1958లో మొదలుపెట్టిన డబ్ల్యూవైఎస్ఓ, 91.3, మా ప్రాంతానికి ప్రజా రేడియో. కాలేజీకి డబ్బు కష్టాలు వచ్చాక, 2019లో ఊరివాళ్లే సంస్థ పెట్టి, చందాలు పోగుచేసి స్టేషనుని కొనేసుకున్నారు. వార్త ఎవరో దయతో ఇచ్చేది కాదని, కలిసి కొనుక్కోవచ్చని వాళ్లు చేసి చూపించారు. 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ ప్రజా రేడియో, టీవీలకి కేటాయించిన రెండేళ్ల సొమ్ము 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసేసుకుంది. దేశమంతటా ఇలాంటి స్టేషన్లకి చెయ్యి విరిగినట్టయింది. మన ఇళ్లలో మూడు నాలుగు సినిమా యాప్‌లకి నెలనెలా కడుతున్నాం. అందులో ఒకదాని పాటి సొమ్ము చాలు.

9. విలేకరి మీ గుమ్మంలోకి వచ్చేలా ఉండండి

మన జిల్లాల్లో పేపరు విలేకరి ఎవరో టీకొట్టు దగ్గర అడిగినా చెబుతారు. ఇక్కడ కూడా అలాగే తెలుసుకోవచ్చు. వార్త పైన పేరు ఉంటుంది, కింద ఈమెయిలు ఉంటుంది. పొరపాటు కనబడితే మర్యాదగా రాయండి, బాగా రాస్తే అది కూడా రాయండి. మన ఇళ్లలో ఎవరైనా పోతే సంతాప ప్రకటన ఊరి పేపర్లో కూడా వేయించండి. ఆ మనిషితో ముప్పై ఏళ్లు పనిచేసిన అమెరికన్ సహోద్యోగులు అందులోనే చూసి వస్తారు. అంత్యక్రియల దగ్గర వాళ్లని చూసినప్పుడు ఆ కుటుంబానికి ఎంత ధైర్యం వస్తుందో నేను చాలాసార్లు చూశాను.

కొన్నేళ్ల కింద బీవర్‌క్రీక్ గుడిలో దీపావళికి ఒక విలేకరి అమ్మాయిని పిలిచాం. దీపాల ఫోటోలు తీసుకుని వెళ్లిపోతుందనుకున్నాం. వంటశాలలోకి వచ్చి కూర్చుంది. పులిహోర కలుపుతున్న పెద్దావిడని ఏ ఊరమ్మా మీది, ఎప్పుడొచ్చారు, ఇక్కడ మీకు ఇబ్బంది ఏమిటి అని అడిగింది. ఆవిడ తెలుగులో చెబితే మనవరాలు ఇంగ్లీషు చేసింది. ఆవిడ చెప్పింది ఒకటే, మా వైపు బస్సు రాదు, కారు నడపడం రాదు, పిల్లలు ఆఫీసుకి వెళ్తే డాక్టరు దగ్గరికి వెళ్లలేను అని. పండుగ వార్త మర్నాడు వచ్చింది. కొన్ని వారాల తర్వాత శివార్లలో కారు లేని ముసలివాళ్ల గురించి పెద్ద కథనం వచ్చింది. అందులో మన ఆవిడ ఉంది, ఒక మెక్సికన్ తాత ఉన్నాడు, ఇక్కడే పుట్టి పెరిగిన ఇద్దరు తెల్లవాళ్లున్నారు. ఆ నలుగురి కష్టం ఒకటేనని మాలో ఎవరికీ అంతవరకు తోచలేదు.

స్ప్రింగ్‌ఫీల్డ్ గొడవ జరిగిన వారంలో ఆ అమ్మాయే గుడికి ఫోన్ చేసి, మీవాళ్లకి ఎవరికైనా ఏమైనా అయిందా, బడిలో పిల్లల్ని ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగింది. తెలిసిన మనిషి కాబట్టి ఇద్దరు తల్లులు జరిగింది ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ అమ్మాయి నంబరు గుడి ఆఫీసులో, పూజల పట్టిక పక్కన పెట్టాం. డేటన్ డైలీ న్యూస్ చందా ఫారాలు, డబ్ల్యూవైఎస్ఓ సభ్యత్వం కాగితాలు కూడా అక్కడే ఉంటాయి. చందా ఎలా కట్టాలో తెలియకపోతే నన్ను అడగండి, మీ పక్కన కూర్చుని కట్టిస్తాను.